కూకట్‌పల్లి మాల్స్ దగ్గర డిన్నర్‌కి మంచి హోటల్ ఎలా వెతుక్కోవాలి?

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి కేపీహెచ్‌బీ వైపు ఏ మాల్‌లోనైనా ఫుడ్ కోర్ట్ పరిస్థితి తెలిసిందే, ఎవరైనా తిని లేస్తారేమో అని వాళ్ళ కుర్చీ వెనకే ట్రే పట్టుకుని నిలబడాలి. అక్కడ తినేది తప్పని కాదు గానీ మాల్ అద్దె కూడా మన ప్లేట్‌లోనే ఉంటుంది, పైగా మాల్ నుంచి కిలోమీటర్ కిలోమీటరున్నర లోపల నిజంగా బాగా వండేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ చెప్పేది ఫోరమ్ మాల్ (ఇప్పుడు నెక్సస్, జనం ఇంకా ఫోరమ్ అనే అంటారు), పాత మంజీరా మాల్ ఉన్నచోట 2023లో వచ్చిన లులు, ఈ చుట్టుపక్కల సంగతి. పద్ధతి మాత్రం కొండాపూర్ మాల్స్‌కి కూడా పనికొస్తుంది.

1. ముందు ఎవరెవరు వస్తున్నారో చూసుకోండి

ఏం తిందాం అని అడిగితే నలుగురు నాలుగు చెప్తారు, గంట పోతుంది. అదే పక్కన ఎవరున్నారో చూస్తే సగం హోటళ్ళు వాటంతట అవే లిస్ట్‌లోంచి పోతాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఉంటే మెట్ల సంగతి ముందే అడగాలి, ఎందుకంటే ఈ ఏరియాలో చాలా హోటళ్ళు షాపుల పైన ఫస్ట్ ఫ్లోర్, సెకండ్ ఫ్లోర్‌లో ఉంటాయి, లిఫ్ట్ ఉందని బోర్డ్ ఉంటుంది గానీ అది పనిచేస్తుందో లేదో వేరే విషయం. ఇంకోటి శనివారం. మనవాళ్ళలో శనివారం నీచు ముట్టని ఇళ్ళు బోలెడు, కార్తీకమాసం వస్తే ఇంకా ఎక్కువ. పిల్లలకి బిర్యానీ కావాలి, అత్తయ్యగారికి ప్యూర్ వెజ్ తప్ప వద్దు అంటే, వెజ్‌కి వేరే కిచెన్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, లేదంటే మొహమాటపడకుండా అందరూ టిఫిన్ సెంటర్‌కే వెళ్ళిపోండి, మంచి నెయ్యి దోశ పడితే పిల్లలు కూడా బిర్యానీ గురించి మర్చిపోతారు.

2. మ్యాప్‌లో పిన్‌ని మాల్ మీద నుంచి జరపండి

అసలు కీలకం ఇదే. మాల్‌లో నిలబడి 'రెస్టారెంట్స్ నియర్ మీ' అని కొడితే ముందు స్పాన్సర్డ్ అని ఉన్నవి వస్తాయి, తర్వాత మాల్‌లోపలివే వస్తాయి. అలా కాకుండా మ్యాప్‌ని వేలితో లాగి జనం కాపురాలుండే కాలనీల మీదకి తీసుకెళ్ళండి, కేపీహెచ్‌బీ ఫేజ్‌లు, వసంత్ నగర్, నిజాంపేట్ రోడ్, హైదర్‌నగర్, అక్కడ 'ఈ ఏరియాలో వెతుకు' నొక్కండి. మాల్‌కి వచ్చేవాడు ఈ వారం వచ్చి మళ్ళీ మూడు నెలలకి వస్తాడు, వాడికి ఎలా పెట్టినా నడుస్తుంది. కాలనీలో హోటల్‌కి అలా కుదరదు, ఆ వీధివాళ్ళే వారానికి రెండుసార్లు తినాలి, ఉప్పు ఎక్కువైతే మర్నాడే మొహం మీద అడుగుతారు. హాస్టళ్ళలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు, కోస్తా నుంచి సీమ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ కాబట్టి రుచి తెలిసిన కస్టమర్లే.

కార్‌లో వెళ్తుంటే దూరం కాదు, యూటర్న్ చూడండి. మెట్రో కింద నుంచి పోయే హైవే మధ్యలో డివైడర్ ఉంటుంది, హోటల్ బోర్డ్ కళ్ళముందే కనిపిస్తుంది కానీ అవతలి పక్కకి రావాలంటే ఎంతో ముందుకెళ్ళి తిరిగి రావాలి, రాత్రి తొమ్మిదికి అదే ఇరవై నిమిషాలు తింటుంది. మెట్రోలో వచ్చినవాళ్ళు అయితే జేఎన్‌టీయూ కాలేజ్ లేదా కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్‌కి నడిచే దూరంలోనే చూసుకోండి, తిన్నాక ఆటోవాడితో బేరం ఆడే ఓపిక ఎవరికీ ఉండదు.

3. హోటల్ పేరు కాదు, వంటకం పేరు కొట్టండి

'బెస్ట్ డిన్నర్' అని కొడితే చెత్త అంతా వస్తుంది. రాగి సంకటి నాటుకోడి, చిట్టిముత్యాల పులావ్, మటన్ మండి, పీతల ఇగురు, ఇలా కొట్టండి, రివ్యూల్లో ఫోటోల్లో ఆ మాట ఉన్న హోటళ్ళు పైకొస్తాయి. మెనూలో చైనీస్, తందూరీ, పిజ్జా, సీమ రుచులు అన్నీ కలిపి ఇరవై పేజీలుంటే నాకైతే అనుమానమే. పిస్తా హౌస్, మెహఫిల్ లాంటి పెద్ద పేర్లకి బ్రాంచీలు చాలా ఉంటాయి కాబట్టి పేరు చూసి కాకుండా మీరు వెళ్ళే బ్రాంచ్ రేటింగే చూడండి.

రివ్యూలు చదివేటప్పుడు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. వంటమాస్టర్ మారితే హోటల్ మారిపోయినట్టే, రెండేళ్ళ కిందటి ఐదు స్టార్లు ఏం చేసుకుంటాం. 'సూపర్ యాంబియెన్స్, ఫలానా అన్న సర్వీస్ బాగుంది' అని వరసగా ఒకే రకంగా ఉంటే అవి టేబుల్ దగ్గర అడిగి రాయించుకున్నవే అయ్యుంటాయి, వదిలేయండి. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళే నిజం చెప్తారు, బాగున్నది బాగుందని, కూర చల్లగా వచ్చిందని రెండూ రాస్తారు. జొమాటోలో డైనింగ్ రేటింగ్, డెలివరీ రేటింగ్ వేరువేరుగా ఉంటాయి, మీకు కావాల్సింది మొదటిది. ఇంకో పని, తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ వాళ్ళు 2024 నుంచి తనిఖీ చేసిన హోటళ్ళ పేర్లు, కిచెన్ ఫోటోలు ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పెడుతున్నారు, వెళ్ళబోయే హోటల్ పేరు అందులో ఒకసారి వెతకండి. చూశాక ఆకలి చచ్చిపోతే నా పూచీ లేదు.

4. బయల్దేరే ముందు ఒక ఫోన్

టేబుల్‌కి ఎంతసేపు, లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికి, ఈ రెండూ చాలు. సెకండ్ షో కాకుండా ఫస్ట్ షో వదిలే టైమ్‌కి జనం ఒక్కసారిగా వస్తారు కాబట్టి దానికి అరగంట ముందు వెళ్తే హాయి. ఆంధ్రా మీల్స్ కోసం అయితే తప్పకుండా అడగండి, చాలాచోట్ల అరిటాకు భోజనం మధ్యాహ్నమే, రాత్రి ఉన్నా తొమ్మిది దాటితే పప్పు ఉంటే పచ్చడి ఉండదు. బిర్యానీ అయితే కొత్త హండీ ఎప్పుడు తీస్తారని అడగండి, కొంచెం నవ్వుతారు గానీ చెప్తారు.

5. కూర్చునే ముందు ఒక చూపు

ముందు చేతులు కడుక్కునే చోటికి వెళ్ళండి. అక్కడ సబ్బు లేకపోతే, నేల జారుతుంటే లోపల కిచెన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కౌంటర్ దగ్గర 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ (ఆహార వ్యాపారానికి ఇచ్చే లైసెన్స్ నంబర్) ఉండాలి. టేబుళ్ళ మీద కుటుంబాలు ఉన్నాయా, పెద్దవాళ్ళు ఉన్నారా చూడండి, వాళ్ళుంటే కారం మరీ మంట ఉండదు. నచ్చకపోతే నీళ్ళు పోసేలోపే లేచి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆర్డర్ ఒకేసారి మొత్తం చెప్పొద్దు. ఒక స్టార్టర్, ఒక బిర్యానీ తెప్పించి చూసి, బాగుంటే మిగతావి. మండి, గ్రిల్ చికెన్ చోట తెల్ల సాస్ ఇస్తారు కదా, అది ఎగ్‌లెస్సేనా అని అడగండి, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ని రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది, పిల్లలున్నప్పుడు ఇంకా జాగ్రత్త.

6. బిల్లు

మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం, అంటే సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5. కాంపోజిషన్ స్కీమ్‌లో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను హోటలే తన జేబులోంచి కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటల్ అసలు జీఎస్టీ వేయకూడదు. సర్వీస్ చార్జ్ అని ఇంకో లైన్ ఉంటే అది టాక్స్ కాదు, బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమని మామూలుగా అడగండి, ఎక్కువసార్లు తీసేస్తారు, మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. యాప్‌లో కడితే డిస్కౌంట్ అన్నప్పుడు కనీసం ఎంత బిల్లు కావాలో, బఫేకి వర్తిస్తుందో లేదో ఆర్డర్‌కి ముందే చూసుకోండి.

కార్ మాల్‌లోనే వదిలి నడిచి వెళ్ళి తిన్నారా, అయితే షాపింగ్ బిల్లు పారేయకండి. తెలంగాణలో 2018 నాటి ఉత్తర్వు ప్రకారం మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం, గంట వరకు ఏదో ఒక బిల్లు చూపిస్తే ఉచితం, ఆపైన అయితే పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువ బిల్లు ఉండాలి. గేటు దగ్గర అది చూపించి బయటికి రావడమే.