బస్సులో తెలియనివాళ్ళని తట్టి పిలవాల్సొస్తే ఎలా

కొన్నాళ్ళ కిందట సిటీ బస్సులో నిలబడి ఉన్నా, వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యేశారు, నేను ఎవరా అని కూడా చూడకుండా "చెయ్యి తియ్" అని గట్టిగా అరిచేశా, బస్సంతా ఇటే తిరిగింది. తీరా చూస్తే అరవై దాటిన పెద్దాయన. నా బ్యాగ్ జిప్ తెరిచుందని చెప్పబోయారట. "జిప్పు తల్లీ, జిప్పు" అని రెండుసార్లు అన్నారు, పక్కవాళ్ళు ఆయన్నే తిట్టడం మొదలుపెట్టారు, తర్వాతి స్టాప్‌లో దిగి వెళ్ళిపోయారు, అది ఆయన స్టాపో కాదో నాకు తెలీదు. అరవడం నా తప్పు అనుకోను, అదే రూట్లో కావాలని చేతులేసినవాళ్ళని చూశాను, ఒంటికి అది గుర్తుంటుంది. కానీ ఆయన అలా దిగిపోవడం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా. అందుకే ఇది రాస్తున్నా.

ముందు నోరు, తర్వాతే చెయ్యి. ఆయన "అమ్మా, మీ బ్యాగ్ జిప్ తెరిచుంది" అని ఉంటే అసలు గొడవే లేదు. అమ్మా, అక్కా, అన్నా, బాబూ, ఏదో ఒకటి పిలిచి వెంటనే విషయం కూడా చెప్పేయండి, ఉత్త "హలో" అని ఆపేస్తే ఆడవాళ్ళకి ముందు అనుమానమే వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినపడకపోతే ఎదురుగా కనపడేలా చెయ్యి ఊపండి, లేదా కండక్టర్లు నాణెంతో కొట్టినట్టు సీటు రాడ్ మీద టకటకలాడించండి, మగవాళ్ళైతే పక్కనున్న ఆడమనిషికి చెప్పి పిలిపించడం ఇంకా మేలు. ఏదీ కుదరకపోతే అప్పుడు భుజం బయటి వైపు రెండు వేళ్ళతో ఒక్కసారి తట్టి చెయ్యి తీసేయండి. వీపు, నడుము, జుట్టు, చున్నీ జోలికి వద్దు. ఎన్నిసార్లు పిలిచినా పలకట్లేదంటే పొగరు అనుకోకండి, వాళ్ళకి వినపడకపోవచ్చు. చెవిటివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునేది కూడా ఇలాగే, కంటికి కనపడేలా చెయ్యి ఊపడం, లేదా భుజం మీద మెల్లిగా తట్టడం.

ఇక రద్దీ. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి, ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక ఆఫీసు టైమ్‌లో కాలు పెట్టే సందు ఉండట్లేదు, తగలకుండా నిలబడటం నిజంగానే కష్టం. అలాంటప్పుడు మగవాళ్ళు రెండు చేతులూ పై రాడ్ మీదే ఉంచి, బ్యాగ్ ముందుకి వేసుకుంటే సగం అపార్థాలు పోతాయి. బ్రేక్ వేసినప్పుడు మీద పడితే మొహం అటు తిప్పేసుకోవద్దు, "సారీ అమ్మా, బ్రేక్ వేశాడు" అని పైకి అనేసి కొంచెం జరగండి, ఏమీ అనకుండా ఊరుకుంటేనే కావాలని చేశాడేమో అనిపిస్తుంది. కాలు తగిలితే మన అలవాటు ఎదుటివాళ్ళని ముట్టుకుని కళ్ళకి అద్దుకోవడం. ఉద్దేశం మంచిదే, కానీ తెలియని ఆడపిల్ల విషయంలో అది రెండోసారి ముట్టుకోవడమే అవుతుంది, మీ చెయ్యి మీ గుండె మీద పెట్టుకుంటే చాలు, ఆమెకి అర్థమవుతుంది.

నవ్వుని కూడా అపార్థం చేసుకుంటారు. సీటు ఇచ్చినందుకు నవ్వింది అంటే థాంక్స్ చెప్పిందంతే. ఊరు పేరు అడిగితే పొడిగా "ఊ" అంటూ ఫోన్ చూసుకుంటోందంటే ఇక ఆపెయ్యమని అర్థం, చాలామంది ఆడవాళ్ళు భయంతో కూడా నవ్వుతారు, నేనూ అలా నవ్విన రోజులున్నాయి.

చూపులేనివాళ్ళకి సాయం చేసేటప్పుడు మాత్రం చాలామంది మంచి మనసుతోనే తప్పు చేస్తారు, చెప్పాపెట్టకుండా జబ్బ పట్టుకుని రోడ్డు దాటించేస్తారు, ఆయన అవతలికి వెళ్ళాలనుకుంటున్నాడో బస్సు కోసం నిలబడ్డాడో అడగరు. ఎవరు పట్టుకున్నారో కనపడని మనిషికి అది ఎంత భయమో ఒక్కసారి ఆలోచించండి. దగ్గరికెళ్ళి "అన్నా, రోడ్డు దాటాలా, సాయం కావాలా" అని అడగండి. వద్దంటే వదిలెయ్యండి. సరే అంటే మీరు పట్టుకోవద్దు, "నా మోచెయ్యి పట్టుకోండి" అని మీ చెయ్యి ఆయన చేతి వెనక వైపుకి ఆనించండి, ఆయనే మోచేతి పైన పట్టుకుంటాడు, మీరు అరడుగు ముందు నడుస్తుంటే మీ కదలికని బట్టి ఆయనకి దారి తెలుస్తుంది. మెట్టు వస్తే ఎక్కాలో దిగాలో చెప్పండి. తెల్లకర్ర మాత్రం పట్టుకుని లాగొద్దు. వీల్‌చెయిర్ కూడా అంతే, అడక్కుండా నెట్టొద్దు.

చంటిపిల్లల బుగ్గలు గిల్లడం అయితే మానెయ్యండి, అమ్మ ఒప్పుకున్నా పిల్ల వెనక్కి జరిగితే ఆగిపోవాలి.

కావాలని చేసేవాడి సంగతి వేరు. రెండుసార్లు జరిగాక కూడా అదే తగలడం అంటే పొరపాటు కాదు. "ఎర్ర చొక్కా, చెయ్యి తీయండి" అని గుర్తు చెప్పి మరీ అరవండి, చుట్టూ ఉన్నవాళ్ళకి ఎవరో తెలియాలి, కండక్టర్‌కి చెప్పండి, 112కి కాల్ చెయ్యండి, రైల్లో అయితే 139. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్, అంటే ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టుకునే పోలీసు బృందాలు, మఫ్టీలో తిరుగుతున్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద నేరం రుజువైతే ఏడాదికి తక్కువ కాకుండా ఐదేళ్ళ వరకు జైలు. పక్కన నిలబడి చూసేవాళ్ళు కొట్టడానికి ఎగబడే ముందు ఏం జరిగిందో ఆ అమ్మాయినే అడగండి. ఆ రోజు ఆ పెద్దాయన్ని తిట్టినవాళ్ళలో ఒక్కళ్ళు కూడా నన్ను అడగలేదు.