పాత టాటా లారీ స్లోలో నిలబడటం లేదా? పంపు విప్పే ముందు ఇవి చూడండి

టాటా 1613 లాంటి పాత లారీల్లో ఉండేది 697 ఇంజన్. ఆరు సిలిండర్లు, 5,675 సీసీ, నాజిళ్ళకు డీజిల్‌ని ఒత్తిడితో పంపే మెకానికల్ పంపు. ఇది స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగేటప్పుడు, మిస్ కొట్టినా (ఏదో సిలిండర్ సరిగా మండక కుంటినా), క్లచ్ తొక్కగానే ఆగిపోయినా చాలా షెడ్లలో ముందు పంపు దించి కాలిబ్రేషన్‌కి (కొలతలు సరిచేయడానికి) పంపేస్తారు. డబ్బులు పోస్తారు, బండి మాత్రం మళ్ళీ అలాగే ఆగుతుంది. ఎందుకంటే ఈ తిప్పలు ఎక్కువగా మొదలయ్యేది ట్యాంకుకీ, అక్కడి నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపుకీ మధ్య ఉన్న లైనులో.

ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకే. కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం ఇంజన్) బండిలో ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు ముట్టుకోవద్దు, ఆ ప్రెషరు ప్రాణం తీస్తుంది.

ముందు ఎప్పుడు ఆగుతోందో గమనించండి. పొద్దున్నే తెల్లపొగతో కొట్టుకుని వేడెక్కాక సర్దుకుంటే టాపెట్లు (వాల్వుల సందు), నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) లేదా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) వైపు చూడాలి. ఇంజన్ దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే లైనులో గాలి, లేదంటే పంపులో వేగాన్ని అదుపు చేసే గవర్నర్. కొంతదూరం బాగా నడిచి, లాగుడు తగ్గి ఆగిపోయి, పావుగంట ఆగితే మళ్ళీ స్టార్టయ్యేదైతే ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సున గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినట్టే. మూత బాగుంటే ట్యాంకు లోపలి స్ట్రైనర్‌కి (వడపోత జాలీకి) చెత్త అడ్డం పడుతోంది. ఇంజన్ ఆగగానే పీల్పు పోతుంది, చెత్త కిందికి జారుతుంది, అందుకే మళ్ళీ స్టార్టవుతుంది.

ఇంకో చిన్న విషయం, చాలామంది వదిలేసేది. ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ బురద పట్టి పూర్తిగా వెనక్కి రాకపోతే పంపులో డీజిల్ కొలతను మార్చే ర్యాక్ సగంలో ఆగి డీజిల్ తక్కువ అందుతుంది. పంపు దగ్గర కేబుల్ ఊడదీసి, లివర్‌ని చేత్తో రన్ వైపు చివరిదాకా నెట్టి ఇంజన్ నడపండి. స్లో సరిగా నిలబడిందా, కేబుల్ మారిస్తే పని అయిపోయింది.

గాలి ఎక్కడ పడుతోంది?

ఫీడ్ పంపు నుంచి ముందుకి, అంటే ఫిల్టర్ల మీదుగా మెయిన్ పంపు దాకా, డీజిల్ ప్రెషరుతో వెళ్తుంది. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారి కనిపిస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా మాత్రం పీల్పు. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు, అక్కడ జాయింటు వదులైతే చుక్క కూడా కారదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి ఈ వైపు జాయింట్లు పొడిగా ఉన్నాయని నమ్మకండి.

పరీక్ష సులభం. 5 లీటర్ల శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి, ఫీడ్ పంపు కన్నా ఎత్తులో, సైలెన్సర్‌కి దూరంగా కట్టండి. ఫీడ్ పంపుకి వచ్చే పైపు ఊడదీసి, క్యాను నుంచి కొత్త రబ్బరు పైపు తగిలించండి. రిటర్న్ పైపు కూడా క్యానులోకే పెట్టండి, లేకపోతే నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గాలి తీసి (వరస కింద ఉంది) స్టార్ట్ చేయండి. స్లో నిలకడగా వచ్చిందంటే తప్పు ట్యాంకు వైపు లైనులోనే ఉంది. రబ్బరు పైపు క్లిప్పు కింద పగిలి ఉంటుంది, పైకి కనపడదు. క్లిప్పు తీసి వంచి చూడాలి. బాంజో బోల్టుల (పైపు చివర్లను బిగించే బోలు బోల్టుల) రాగి వాషర్లు కొత్తవి వేయండి. దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. దారం, టేపు చుట్టొద్దు. ఆ పోగులు ఫీడ్ పంపు వాల్వుల్లో ఇరుక్కుంటాయి.

చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ పిడిని కొట్టడం అయ్యాక కిందికి నొక్కి, మర తిప్పి గట్టిగా బిగించాలి. వదులుగా వదిలేస్తే అక్కడి నుంచే గాలి లాగుతుంది. ఫీడ్ పంపు దగ్గర చిన్న జాలీ ఉంటే, అది పూడుకుపోయినా ఇవే లక్షణాలు. వానాకాలంలో ఫిల్టర్ అడుగు నుంచి గాజు గ్లాసులోకి కాస్త డీజిల్ దించి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్ళుంటే అడుగున తేరుకుంటాయి. అప్పుడు ట్యాంకు అడుగు కూడా దించాలి.

గాలి తీసేటప్పుడు వరస తప్పొద్దు: ముందు మొదటి ఫిల్టర్ మీది గాలి తీసే స్క్రూ, తర్వాత రెండోది, చివర పంపు మీది స్క్రూ. ప్రతిచోటా బుడగలు పూర్తిగా ఆగేదాకా ప్రైమర్ కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించండి. స్టార్టర్‌ని ఒకసారికి 15 సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి.

ఏ సిలిండర్ మిస్ కొడుతోంది?

క్యాను పెట్టినా మార్పు లేదంటే ఇంజన్‌ని స్లోలో ఉంచి, నాజిల్ దగ్గర ప్రెషర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా అర చుట్టు వదిలి, శబ్దం విని, బిగించండి. కళ్ళద్దాలు తప్పనిసరి, చెయ్యి చిమ్మే దారికి అడ్డం పెట్టొద్దు. ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దిగితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నట్టు వదలగానే ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ మార్పూ లేదంటే మిస్ కొడుతున్నది అదే.

ఆ నాజిల్‌ని పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చండి. మిస్ నాజిల్‌తో పాటు వెళ్తే నాజిలే చెడింది. టెస్టరు మీద పెట్టి ఓపెనింగ్ ప్రెషరు, కారడం చూపించండి. ఆరింటికీ ఒకే ప్రెషరు పెట్టించాలి, ఒక్కదానికే కొత్తది వేస్తే స్లో సమంగా రాదు. మిస్ అక్కడే ఉండిపోతే టాపెట్, కంప్రెషన్, లేదా పంపులో ఆ సిలిండర్‌కి డీజిల్ వదిలే డెలివరీ వాల్వ్.

టాపెట్లు ఇంజన్ పూర్తిగా చల్లారాకే పెట్టాలి. ఈ ఇంజన్లకు సాధారణంగా ఇన్లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు, మీ మోడల్ మాన్యువల్‌తో సరిపోల్చుకోండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-5-3-6-2-4 కాబట్టి 1-6, 5-2, 3-4 జతలు. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ కలిసి ఊగే చోట ఆపి ఒకటోది పెట్టండి, మిగతావీ అలాగే. ఎగ్జాస్ట్ టాపెట్ బిగుతుగా ఉంటే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోక కాలిపోతుంది. అలాంటి ఇంజన్ స్లోలో కుంటి, వేగం పెంచగానే బాగున్నట్టు మోసం చేస్తుంది. టాపెట్ సరిచేసినా కుంటుతుంటే కంప్రెషన్ గేజి పెట్టించండి. మిగతా సిలిండర్లకన్నా ఒకదానిది బాగా తక్కువుంటే హెడ్ దించక తప్పదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పంపు వంతు. అప్పటికి కూడా ముందు రిటర్న్ దగ్గరున్న ఓవర్‌ఫ్లో వాల్వ్ మార్చి చూడండి. దాని స్ప్రింగు బలహీనపడితే పంపులో ప్రెషరు నిలవదు, వేడిమీద ఇంజన్ ఆగుతుంది. స్లో స్క్రూ తిప్పి వేగం పెంచి నడపడం మాత్రం వద్దు. లోపం అలాగే ఉండి డీజిల్ ఎక్కువ తాగుతుంది. సీలు వేసిన స్క్రూల జోలికి అసలు పోకండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పంపు ఇచ్చేటప్పుడు ఏ సిలిండర్ మిస్ కొడుతోందో, చల్లగానా వేడిమీదా అన్నది చెప్పండి. పంపు ప్లేటు మీది నంబరు ప్రకారం చార్టు చూసి, స్లో స్పీడులో ఆరు లైన్ల డెలివరీ కొలిచి కాగితం మీద రాసిమ్మని అడగండి.