గాడ్ ఆఫ్ వార్ 2: మొదటిసారి ఆడేవారు చివరిదాకా చేరడం ఎలా?

గ్రీకు పురాణాలను ఆధారం చేసుకుని శాంటా మోనికా స్టూడియో రూపొందించిన వీడియో గేమ్ గాడ్ ఆఫ్ వార్ 2, కోరీ బార్లాగ్ దర్శకత్వంలో 2007లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదలైంది. పాత యంత్రం లేనివారు, మొదటి రెండు భాగాలను మెరుగైన చిత్రనాణ్యతతో కలిపి 2009లో ప్లేస్టేషన్ 3కి తెచ్చిన సంకలనంలో దీనిని ఆడవచ్చు. రక్తపాతం విపరీతంగా ఉన్న ఆట కనుక ఇంట్లో పిల్లలు పడుకున్నాకే మొదలుపెట్టడం మంచిది.

ప్రారంభంలో కష్టస్థాయిని ఎంచుకోమని అడుగుతుంది. మోర్టల్ సులువైనది, స్పార్టన్ మధ్యస్థం, గాడ్ కఠినం. టైటన్ అనే నాలుగో స్థాయి ఆట ఒకసారి పూర్తయ్యాక గాని తెరుచుకోదు. కొత్తవారికి స్పార్టన్ సరిపోతుంది. మోర్టల్ స్థాయిలో శత్రువులు త్వరగా కూలిపోతారు కనుక అడ్డుకోవడం, తప్పించుకోవడం నేర్చుకోవలసిన అవసరమే కలగదు, ఆ లోటు చివరి పోరాటాల్లో బయటపడుతుంది.

చాలామంది స్క్వేర్ బటన్‌ను ఆపకుండా నొక్కుతూ పోతే చాలుననుకుంటారు. తొలి గంటలో అది నిజమే అనిపిస్తుంది, కాని ఈ ఆటను గెలిపించేది ఎల్1 బటన్, కుడి స్టిక్. ఎల్1 దెబ్బను ఆపుతుంది. కుడి స్టిక్‌ను ఏ దిక్కుకు నెడితే కథానాయకుడు క్రేటోస్ ఆ దిక్కుకు దొర్లి తప్పించుకుంటాడు. ఇతర ఆటల్లో కెమెరాను తిప్పే పని ఆ స్టిక్‌ది కనుక వేళ్లు మొదట తడబడతాయి. ఇక్కడ కెమెరా మన చేతిలో ఉండదు. ఆ ఇబ్బందిలోనే ఒక లాభం కూడా ఉంది: కెమెరా చూపే దిక్కు సాధారణంగా ముందుకు సాగే దారి, కనుక దాచిన పెట్టెలు కావాలంటే దానికి ఎదురుగా, అంటే తెరలోంచి మనవైపు నడిచి చూడాలి. గోర్గన్ కళ్లు, ఫీనిక్స్ ఈకలు ఎక్కువగా ఇలాంటి మూలల్లోనే దొరుకుతాయి. ఆరు కళ్లు పోగైన ప్రతిసారీ ప్రాణశక్తి పట్టీ, ఆరు ఈకలు పోగైన ప్రతిసారీ మంత్రశక్తి పట్టీ పొడవు పెరుగుతాయి.

కథ రోడ్స్ నగరంలో, కదిలే మహావిగ్రహంతో పోరాటంగా మొదలవుతుంది. యుద్ధదేవుడిగా అడుగుపెట్టిన క్రేటోస్ ఇక్కడే తన శక్తులను పోగొట్టుకుని దేవతల రాజు జ్యూస్ చేతిలో హతమవుతాడు. అది కథలో భాగమే, మీ ఆటలో లోపం కాదు. భూమాత గయా అతనిని కాపాడి, గతాన్ని మార్చగల విధి సోదరీమణుల వద్దకు పంపుతుంది. అసలు ప్రయాణం అక్కడి నుంచే లెక్క.

ఆయుధాలను, మంత్రాలను పెంచుకోవడానికి వాడే ఎర్ర గోళాలను ఖర్చు చేసే విషయంలో నా సలహా మొండిగా ఉంటుంది: ముందు ఎథీనా కత్తులు, ఆ తరువాతే మిగిలినవన్నీ. బార్బేరియన్ రాజును ఓడించాక దొరికే సుత్తి బలమైనదే గాని, ఎత్తేలోగా రెండు దెబ్బలు తినిపిస్తుంది. మంత్రాల్లో మొదట టైఫన్ కంటి నుంచి పెరికే విల్లు, తరువాత క్రోనస్ ఆగ్రహం, యూరియాలే తల, అట్లాస్ ఇచ్చే భూకంపశక్తి వరుసగా చేతికొస్తాయి. అన్నింటికీ కొంచెం కొంచెం పంచితే ఏదీ పదునెక్కదు. గుంపు చుట్టుముట్టినప్పుడు పనికొచ్చే క్రోనస్ ఆగ్రహాన్ని కత్తుల తరువాత పెంచుకుంటే మధ్యభాగం సాఫీగా గడుస్తుంది. ప్రొమీథియస్‌ను విడిపించాక వచ్చే టైటన్ల ఉగ్రశక్తిని రెండు స్టిక్‌లను ఒకేసారి లోపలికి నొక్కి వాడాలి.

ఆటను రెండుగా చీల్చే వస్తువు స్వర్ణోన్ని, అంటే బంగారు గొర్రె ఉన్ని. దానిని ధరించిన జేసన్‌ను మింగుతున్న మూడు తలల కుక్క సెర్బెరస్‌ను చంపితే అది మీదవుతుంది. శత్రువు విసిరినది తాకబోయే క్షణానికి సరిగ్గా ఎల్1 నొక్కితే, ఆ దెబ్బ వచ్చిన దారినే తిరిగిపోతుంది. చూపుతోనే రాయిగా మార్చే గోర్గన్ చూపును ఇలా తిప్పికొట్టగలిగితే రాయిగా మారేది మీరు కాదు. ముందుగానే బటన్ పట్టుకుని కూర్చుంటే మామూలు అడ్డుగా మాత్రమే పనిచేస్తుంది. ఇది చెప్పినంత మాత్రాన పట్టుబడే విద్య కాదు. అందుచేత స్వర్ణోన్ని దొరికిన వెంటనే ముందుకు పరుగెత్తకుండా, బలహీనమైన శత్రువు ఒక్కడిని మిగుల్చుకుని పదిపదిహేను సార్లు సాధన చేయండి.

బాస్ పోరాటాల్లో థీసియస్ నేల మీద ఉన్నంతసేపు పెద్ద ఇబ్బంది పెట్టడు. అతడు పైకెక్కి ఎద్దు తల గల మినటార్లను దింపినప్పుడు మాత్రం వాటిని చంపుతూనే పైనుంచి వచ్చే దెబ్బలను గమనించాలి. పెర్సియస్ కనబడకుండా పోయే శిరస్త్రాణం ధరించి ఉంటాడు కనుక, అతని కోసం వెతకకుండా నేల మీది నీటిలో రేగే అలజడిని చూడండి. ఇకారస్ రెక్కలు దొరికాక గాలిలో ఎక్స్ బటన్‌ను మళ్లీ నొక్కి పట్టుకుంటే తేలుతూ వెళ్లవచ్చు. దూకిన వెంటనే కాక, ఎత్తు చివర నొక్కితేనే ఎక్కువ దూరం అందుతుంది. కాలాన్ని నెమ్మదింపజేసే తాయెత్తుతో ముడిపడిన చిక్కుల్లో ముందు నడవవలసిన దారిని కళ్లతో కొలుచుకుని, ఆ తరువాతే దానిని వాడాలి.

విధి సోదరీమణులు ముగ్గురు. గ్రీకుల నమ్మకంలో క్లోథో ఆయువు దారాన్ని వడుకుతుంది, లాకెసిస్ కొలుస్తుంది, అట్రొపొస్ తెంచుతుంది. మన నుదుటి రాత వంటిదే, కాకపోతే అక్కడ రాయడానికి బదులు నేత. అట్రొపొస్ మిమ్మల్ని మొదటి భాగంలో అప్పటి యుద్ధదేవుడు ఆరీస్‌తో జరిగిన యుద్ధం నాటికి లాక్కెళ్లి, వంతెనలా పడి ఉన్న పెద్ద కత్తిని పగలగొట్టాలని చూస్తుంది. అది విరిగితే గతంలోని క్రేటోస్ గెలవలేడు, మీ ఆటా అక్కడితో ఆగిపోతుంది. ఆమెను కొట్టడం కన్నా ఆ కత్తిని కాపాడడమే మొదటి పని అని గుర్తుంచుకున్నవారికి ఈ ఘట్టం సగం తేలికవుతుంది.

జ్యూస్‌తో చివరి పోరుకు ముందు సేవ్ చేసుకుని, దగ్గర్లో ప్రాణశక్తినిచ్చే ఆకుపచ్చ, మంత్రశక్తినిచ్చే నీలి పెట్టెలు మిగిలి ఉంటే పూర్తిగా వాడుకుని వెళ్లండి. అతడు విసిరే మెరుపులను స్వర్ణోన్నితో తిప్పికొట్టవచ్చు, ఆ సాధన ఫలించేది ఇక్కడే. తెర మీద బటన్ గుర్తులు కనిపించినప్పుడు కంగారుపడి రెండు మూడు నొక్కకుండా, కనిపించిన దానిని మాత్రమే నొక్కాలి.

ఆట ముగిశాక సంపాదించిన శక్తులతోనే మళ్లీ మొదటి నుంచి ఆడే అవకాశం వస్తుంది. మొదటిసారి ఏరుకున్న కలశాలు ఇందులోనే పనిచేస్తాయి. గయా కలశం ఎర్ర గోళాల విలువను 10 రెట్లు చేస్తుంది కనుక, కత్తుల కోసం పక్కన పెట్టిన సుత్తిని అప్పుడు తీరిగ్గా పెంచుకోవచ్చు.