మైటర్ సా కోతకు ముందు డిజిటల్ యాంగిల్ గేజ్‌ను సరిచూసుకునే పద్ధతి

ముందుగా మైటర్ సా (చెక్కను కావలసిన కోణంలో కోసే రంపం) ప్లగ్ తీసివేయాలి. విశాఖ ఉప్పుగాలికి బ్లేడు త్వరగా తుప్పుపడుతుంది, వాలును అంకెల్లో చూపే గేజ్ అడుగునున్న అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుంటుంది. అడుగున కాస్త రజను మిగిలినా అంకె మారుతుంది కనుక రెండింటినీ పొడిగుడ్డతో తుడవాలి.

గేజ్‌ను రంపపు బల్లపై ఉంచి సున్నా మీట నొక్కి, ఆ బల్లపైనే నిలబెట్టిన ఉక్కు మూలమట్టానికి ఆనించినప్పుడు 90.0 కనిపించాలి. తేడా ఉంటే, కొత్త బ్యాటరీ వేసి, గేజ్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టు క్యాలిబ్రేషన్ చేయాలి, అంటే కొలత సరిచేయాలి. (మూలమట్టమే వంకరైతే ఈ శ్రమంతా వృథా, దానితో పలకపై ఒక గీత గీసి, బోర్లించి మళ్లీ గీస్తే రెండు గీతలూ కలవాలి.) తరువాత గేజ్‌ను పళ్లకు తగలకుండా బ్లేడు చదునుకు అతికించి, 90 వచ్చేవరకు బెవెల్ స్టాపు బోల్టును (బ్లేడు వాలును ఆపే బోల్టు) తిప్పాలి.

ఈ గేజ్ భూమ్యాకర్షణ ఆధారంగా వాలును మాత్రమే కొలుస్తుంది. మైటర్ కోణం, అంటే బ్లేడు బల్లపై కుడిఎడమలకు తిరిగే కోణం, దానికి అందదు. అందుకోసం సమానమైన వెడల్పున్న పట్టీని 90 వద్ద కోసి, ఒక ముక్కను బోర్లించి, రెండింటినీ ఫెన్సుకు (చెక్కను ఆనించే వెనుక అంచు) ఆనించి జతచేస్తే, మధ్య కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు. ఫోటో ఫ్రేముకు 8 కోతలుంటాయి. ఒక్కోదానిలో ఒకే వైపు 0.1 డిగ్రీ తప్పినా చివరి మూలలో 0.8 డిగ్రీల తేడా తేలుతుంది.