విద్యా సంస్థకు మిషన్ రాయడం ఎలా, ప్రోగ్రామ్‌లు ఎంచుకోవడం ఎలా

పిల్లల చదువు కోసం లాభాపేక్ష లేని సంస్థ పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు పేరు వెతుకుతారు, తర్వాత లోగో, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కాగితాలు. మిషన్, అంటే సంస్థ ఎందుకు ఉందో చెప్పే వాక్యం మాత్రం, దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంది కాబట్టి, చివరి రోజు రాత్రి కూర్చుని "అందరికీ నాణ్యమైన విద్య" అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ దాన్ని పట్టుకుని మీరు రేపు ఏ పనినీ వద్దనలేరు. ఒకరు స్కూల్ బ్యాగులు పంచమంటారు, ఇంకొకరు కంప్యూటర్ ల్యాబ్ పెట్టమంటారు, మరొకరు సెలవుల్లో శిబిరం పెడితే డబ్బిస్తామంటారు. అన్నీ "నాణ్యమైన విద్య" కిందికే వస్తాయి కాబట్టి అన్నిటికీ సరేనంటారు, రెండేళ్లు తిరిగేసరికి చేతిలో ఆరు పనులుంటాయి, ఏ ఒక్కటీ లోతుగా జరగదు. నేను వలంటీరుగా చేరిన మొదటి సంస్థలో జరిగింది ఇదే. పిల్లలతో కూర్చునే సమయం తగ్గిపోయి, ఫొటోలు తీయడం, రిపోర్టులు పంపడమే మా పనైపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిషన్ ఒక్క వాక్యం చాలు. ఎవరి కోసం పనిచేస్తున్నారు, వాళ్లకు ఇప్పుడు చేతకానిది ఏది రేపు చేతకావాలి, దానికి మీరు పట్టే దారేమిటి, ఈ మూడూ అందులో ఉండాలి. ఉదాహరణకు: "ఐదో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా ఒక చిన్న కథను తనంతట తాను చదివి అర్థం చేసుకునేలా బడి టీచర్లతో కలిసి పనిచేస్తాం." ఈ వాక్యం ముందు పెట్టుకుంటే బ్యాగుల ప్రతిపాదన వచ్చినప్పుడు మర్యాదగా వద్దని చెప్పగలరు, ఎందుకు వద్దో కూడా చెప్పగలరు. మరి ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ మిషన్ ఎవరికైనా, ఎక్కడైనా, ఉచితంగా ప్రపంచస్థాయి విద్య అని అంత విశాలంగా ఉంది కదా అని అడగొచ్చు. అందులో ఉచితం అన్న ఒక్క మాట చూడండి. పాఠాలకు ఫీజు పెట్టిన రోజు ఆ వాక్యమే అబద్ధమైపోతుంది. మీ వాక్యంలోనూ మిమ్మల్ని కట్టిపడేసే మాట ఒక్కటైనా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మళ్లీ రాయండి.

ఇప్పుడు ప్రోగ్రామ్. ఇక్కడ అందరూ తొందరపడేది ఒకటుంది: పిల్లలు ఎందుకు వెనకబడ్డారో తెలుసుకోకుండానే పరిష్కారం తెచ్చి పెట్టేస్తారు. క్యామ్‌ఫెడ్ అనే సంస్థ 1993లో జింబాబ్వే గ్రామాల్లో మొదలైంది. ఆడపిల్లలు హైస్కూలుకు రాకపోవడానికి కారణం తల్లిదండ్రులకు ఇష్టం లేకపోవడమేనని అప్పట్లో చాలామంది నమ్మేవాళ్లు. వెళ్లి అడిగితే తేలిందేమిటంటే, ఇంట్లో డబ్బు లేదు, ఒక్కరినే చదివించగలిగితే ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువని అబ్బాయిని పంపుతున్నారు. కారణం ఇష్టం లేకపోవడమే అనుకుని ఉంటే ఊరూరా అవగాహన సభలు పెట్టేవాళ్లు. కారణం డబ్బని తెలిసింది కాబట్టి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు భరించే ప్రోగ్రామ్ వచ్చింది. మీరూ కనీసం ముప్పై నలభై ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో, బడి మానేసిన పిల్లలతో, టీచర్లతో విడివిడిగా మాట్లాడండి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే వినిపిస్తుంది.

పిల్లలు ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నారో కూడా చూడాలి, దీనికి పెద్ద పరీక్ష పేపరేమీ అక్కర్లేదు. 1995లో ముంబయిలో మొదలైన ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో ఇంటింటి సర్వే చేస్తోంది. అందులో చదవడానికి వాడేది ఒక్క కాగితం: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. బిడ్డ పక్కన కూర్చుని చదివిస్తే ఎక్కడ ఆగిపోతున్నాడో కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది. వాళ్ల పద్ధతిలో మరో మంచి సంగతి ఏమిటంటే, రోజులో కొంతసేపు తరగతి లెక్క పక్కనపెట్టి, అక్షరాల దగ్గరున్న పిల్లల్ని ఒక గుంపుగా, పేరా దగ్గరున్నవాళ్లను మరో గుంపుగా చేసి నేర్పిస్తారు. ఈ పద్ధతిని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందాలు ఏళ్ల తరబడి పరీక్షించి చూశాయి. పేదరికం తగ్గించే దారులపై ఇలాంటి క్షేత్ర ప్రయోగాలు చేసినందుకే 2019లో వాళ్లిద్దరికీ, మైకేల్ క్రెమర్‌కూ ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

క్రెమర్ బృందం కెన్యాలో చేసిన అధ్యయనం గురించి మీ బోర్డు సభ్యులకు తప్పకుండా చెప్పండి. పుస్తకాలు లేని గ్రామీణ బడులకు పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. సగటు మార్కులు పెరగలేదు, అప్పటికే బాగా చదివే పిల్లలకు మాత్రమే లాభం కనిపించింది. ఆ పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. పెరూలో బడి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచినప్పుడూ అంతే, 319 బడుల్లో పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో తేడా కనిపించలేదు. వస్తువులు ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఇచ్చిన వస్తువు ఎవరి చేతిలో ఎలా పనిచేసి ఆ బిడ్డ నేర్చుకుంటుందో ఒక్కో మెట్టూ కాగితం మీద రాయండి. ఏ మెట్టు దగ్గర "అదే జరుగుతుందిలే" అని రాయాల్సి వస్తుందో, మీ ప్రోగ్రామ్ విరిగేది అక్కడే.

చిన్నగా మొదలుపెట్టి పిల్లల్ని గమనించండి. ఈ విషయంలో నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ 1969లో అమెరికాలో ప్రసారం మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం సెసమి స్ట్రీట్. పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ టీవీ పక్కనే ఒక స్లైడ్ ప్రొజెక్టర్ పెట్టి, కొన్ని సెకన్లకోసారి బొమ్మ మారుస్తూ, పిల్లల చూపు టీవీ నుంచి ఎప్పుడు పక్కకు పోతుందో రాసుకునేవాడు. తోలుబొమ్మలు లేకుండా మనుషులే మాట్లాడుకునే వీధి దృశ్యాల దగ్గర పిల్లలు ఆసక్తి కోల్పోతున్నారని అలాగే తెలిసింది. కల్పననూ నిజాన్నీ కలపొద్దని నిపుణులు చెప్పినా, బొమ్మల్ని ఆ వీధిలోకే తెచ్చారు, బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి బొమ్మ అలా పుట్టింది. నిపుణుడి సలహాకూ పిల్లల చూపుకూ పొత్తు కుదరనప్పుడు వాళ్లు పిల్లల వైపే నిలబడ్డారు. మీ పైలట్, అంటే ముందుగా చేసే చిన్న ప్రయత్నం, రెండు మూడు బడుల్లో చాలు, ప్రతి వారం ఒకరు మూల కూర్చుని పిల్లలు ఎక్కడ దిక్కులు చూస్తున్నారో రాసుకుంటే చాలు.

ఫలితాలు కొలవడం, ఖర్చులు చూపడం గురించి త్వరగా చెప్పేస్తాను. "ఎంతమందికి చేరాం" అన్న అంకెను మీ పెద్ద ఫలితంగా చూపించకండి, అది మీరెంత తిరిగారో చెబుతుంది కానీ పిల్లలేం నేర్చుకున్నారో చెప్పదు. ప్రోగ్రామ్‌కు ముందు అడిగిన ప్రశ్నలే తర్వాత కూడా అడగండి, వేరే మనిషితో అడిగించండి, పాఠం చెప్పినవాళ్లే పరీక్షిస్తే తెలియకుండానే సాయం చేసేస్తారు. ఆ ప్రోగ్రామ్‌లో లేని పిల్లలతో కూడా పోల్చి చూడండి, ఎందుకంటే ఏడాది గడిస్తే ఏ బిడ్డయినా ఎంతో కొంత నేర్చుకుంటుంది. బడ్జెట్‌లో జీతాలు, శిక్షణ, రాకపోకల ఖర్చు దాచకండి. నేర్పేది మనుషులే కదా, ఆ ఖర్చు ఎందుకో దాతకు ధైర్యంగా చెప్పండి.

ఇక ఆపేయడం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రతి ప్రోగ్రామ్ మొదలుపెట్టే రోజే, ఏ ఫలితం రాకపోతే దీన్ని ఆపేస్తామో రాసి బోర్డు చేత సంతకం చేయించండి. తర్వాత ఆ రోజు వస్తే మనసు ఒప్పుకోదు, పెట్టిన కష్టం గుర్తొస్తుంది. ఆపాల్సి వస్తే విద్యాసంవత్సరం మధ్యలో ఆపకండి. టీచర్లకు, తల్లిదండ్రులకు కొన్ని నెలల ముందే చెప్పండి, ఒక్కో బిడ్డ ఎక్కడిదాకా వచ్చిందో రాసిన కాగితాలు ఆ బడి టీచర్ చేతికి ఇచ్చి, వాటిని ఎలా చదవాలో పక్కన కూర్చుని చూపించి రండి.