టెన్త్ క్లాసు గదికి కావాల్సినవి: ఒక డబ్బా, ఒక గోడ, రెండు ఫోన్ నంబర్లు

టెన్త్ పిల్లల టెన్షన్ తగ్గించాలనుకునే టీచర్లూ, చార్టులు కొనకండి. "నువ్వు సాధించగలవు" అని మెరిసే అక్షరాల పోస్టర్లు ఇప్పటికే ప్రతి బడి గోడ మీదా ఉన్నాయి, వాటిని చదివి కుదుటపడ్డ పిల్లని నేనైతే చూడలేదు. ప్రభుత్వ హైస్కూల్లో టెన్త్ పిల్లలతో ఉంటే తెలిసేదేంటంటే, వాళ్ళ టెన్షన్‌లో పెద్ద భాగం "పది అయ్యాక నా సంగతేంటి" అన్నదే. అందుకే మనసు సంగతి ఒక పీరియడ్‌లో, కెరీర్ గైడెన్స్ ఇంకెప్పుడో అన్నట్టు విడదీస్తే రెండూ పనిచేయవు. రెండూ ఒకే గదిలో, జూన్ నుంచే ఉండాలి.

ముందు డబ్బా, పిల్లలు తమ బాధలు చీటీ మీద రాసి వేయడానికి. అట్టపెట్టె అయినా సరే, తాళం మాత్రం ఉండాలి, తాళంచెవి ఒక్క టీచర్ దగ్గరే ఉండాలి, ఆ టీచర్ ఎవరో పిల్లలే చెప్పాలి (హెడ్‌మాస్టర్ గారు నొచ్చుకున్నా సరే). చాలా బళ్ళలో ఇలాంటి పెట్టె ఇప్పటికే ఉంటుంది, స్టాఫ్ రూమ్ గుమ్మం పక్కన, దుమ్ము పట్టి. అందరి కళ్ళ ముందూ వెళ్ళి చీటీ వేసే ధైర్యం ఏ పిల్లకి ఉంటుంది చెప్పండి? దీనికి తేలికైన ఉపాయం ఉంది: వారంలో ఒక రోజు క్లాసులో అందరికీ చిన్న కాగితం ముక్క ఇవ్వండి, అందరూ ఏదో ఒకటి రాయాలి, ఏమీ లేనివాళ్ళు "ఏమీ లేదు" అని రాయాలి, అందరూ మడిచి వేయాలి. అప్పుడు ఎవరు రాశారో, ఎవరు రాయలేదో పక్కవాడికి కూడా తెలియదు. పేరు రాయడం వాళ్ళ ఇష్టం.

మొదట్లో వచ్చేవి "నీళ్ళ ట్యాంకు కడగట్లేదు", "లెక్కల సార్ కొడుతున్నారు" లాంటివే. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. ట్యాంకు కడిగించండి, ఆ కొట్టడం ఆపించండి, విద్యాహక్కు చట్టం దాన్ని నిషేధించింది కూడా. చీటీ రాస్తే పని జరుగుతుందని నమ్మకం కుదిరాకే అసలు చీటీలు వస్తాయి.

అసలు చీటీలు వచ్చేసరికి మీరు సిద్ధంగా ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని పిల్లలకి ఎప్పుడూ మాటివ్వకండి. మొదటి రోజే ఇలా చెప్పేయండి: "మీ చీటీ క్లాసులో చదవను, మిగతా టీచర్లకి చూపించను, కానీ మీ ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలిగినవాళ్ళకి చెప్తాను." ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారని తెలిస్తే పోలీసులకి తెలియజేయాల్సిన బాధ్యత పోక్సో చట్టం మన మీదే పెట్టింది, దాచితే మనకే శిక్ష. అలాంటప్పుడు బడి పరువు, ఊరి పెద్దలు అంటూ ఎవరేం చెప్పినా వినక్కర్లేదు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

చచ్చిపోవాలనుంది అన్న అర్థంలో ఎవరైనా రాస్తే, లేదా అందరితో కలిసి తిరిగే పిల్ల ఉన్నట్టుండి మధ్యాహ్న భోజనం దగ్గర కూడా ఒంటరిగా కూర్చుంటుంటే, పక్కకి తీసుకెళ్ళి సూటిగానే అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనలో చాలామందికి భయం, అలా పుట్టదు, అడిగినందుకు పిల్లలకి ఊరటే కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్ళని పిలిపించండి (బాధ ఇంటివల్లే అయితే అమ్మమ్మో మేనమామో, పిల్ల ఎవరి పేరు చెబితే వాళ్ళని), ఆ రోజే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి చేర్చే ఏర్పాటు చూడండి. 14416 టెలి మానస్ నంబరు, అంటే ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరులో మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని టీచర్ కూడా ఫోన్ చేయొచ్చు. ఈ రెండు నంబర్లూ బోర్డు పక్కన పెద్ద అక్షరాలతో రాయండి, వెనక బెంచీకి కూడా కనపడాలి.

నంబర్లు గోడ మీద రాయడం నా సొంత పైత్యం అనుకోకండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఇది ఉంది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని కూడా అందులో చెప్పారు. కౌన్సెలర్ మన చేతిలో లేకపోవచ్చు. స్లిప్ టెస్ట్ మార్కులు బోర్డు మీద ఎక్కించడం, "డల్ బ్యాచ్" అని పిలవడం ఆపడం మాత్రం రేపు ఉదయమే చేయొచ్చు.

రోజువారీకి ఇంకో చిన్న పద్ధతి. హాజరు తీసేటప్పుడు "ప్రెజెంట్ సార్"తో పాటు ఛాతీకి ఆనించి వేళ్ళు చూపించమనండి, బాగుంటే ఐదు, అస్సలు బాలేకపోతే ఒకటి. ఒక వేలు చూపించిన పిల్లని అక్కడే "ఏమైందమ్మా" అని అడిగితే ఇక ఆ పిల్ల ఎప్పటికీ ఐదే చూపిస్తుంది, కాబట్టి నోటుబుక్కులు దిద్దేటప్పుడో, బయట చెట్టు కిందో అడగాలి. పరీక్షకి ముందు రెండు నిమిషాలు ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలమనండి, గుండెదడ తగ్గుతుంది. అంతకుమించి దాన్ని పెద్ద కార్యక్రమం చేయక్కర్లేదు.

ఇక గోడ. ఒక గోడంతా "పది తర్వాత" అని వదిలేయండి. ఇంటర్ ఎంపీసీ, బైపీసీ అని అందరికీ తెలుసు, అవి మూలన రెండు గీతలు చాలు. పిల్లలకి తెలియనివి పెద్దగా రాయాలి: పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా, అది అయ్యాక ఈసెట్ అనే ఇంకో ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చని, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్ళని, ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుందని, బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల్లో పది తర్వాతే ఆరేళ్ళ కోర్సు ఉందని, ఇంటర్లోనే ఒకేషనల్ గ్రూపులున్నాయని. ప్రతిదాని కిందా మన ఊరి నుంచి దగ్గరి కాలేజీ ఏది, ఏ బస్సు వెళ్తుంది, హాస్టల్ ఉందా, ఫీజెంత అన్నవి పిల్లల చేతే కనుక్కుని రాయించండి. పిల్లల ఇంట్లోవాళ్ళు ముందు అడిగేది బస్సు గురించే, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

ఇంకొకటి తప్పకుండా ఉండాలి: "పది తప్పితే" అని ఒక దారి. అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి ఇంటర్‌లో చేరొచ్చని, అదీ కాకపోతే ఓపెన్ స్కూల్ ఉందని. ఇది అపశకునం అనే టీచర్లు ఉంటారు. నా మటుకు నాకు ఆ గోడ మీద అన్నిటికంటే విలువైన గీత అదే.

మన బడిలోనే చదివి ఇప్పుడు నర్సుగానో, లైన్‌మన్‌గానో, సెల్ టవర్ టెక్నీషియన్‌గానో ఉన్నవాళ్ళని పిలిచి మాట్లాడించండి, రాలేకపోతే స్పీకర్ ఫోన్ చాలు. మోటివేషనల్ స్పీకర్ గంటసేపు అరిచేదానికంటే, జీతం ఎంత, ఇంగ్లిష్ రాక ఎలా ఇబ్బంది పడ్డాడు, మొదటి ఏడాది ఏ సబ్జెక్టు పోయింది అన్నవి పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

కాగితాల పని కూడా ఇందులో భాగమే. ఎనిమిదో తరగతి పిల్లలతో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపకముందే ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ, బడి రిజిస్టరుతో కలుస్తున్నాయో లేదో ఒక్కొక్కరివీ చూడండి. ఇంటిపేరులో ఒక అక్షరం తేడాతో అడ్మిషన్ దగ్గర మీసేవకీ సచివాలయానికీ తిరిగే కుటుంబాల టెన్షన్ ఇంతా అంతా కాదు.

ఫలితాలు సెలవుల్లో వస్తాయి, ఆ రోజు బడి ఉండదు, డబ్బా ఉండదు. కాబట్టి చివరి పరీక్షకి ముందే పిల్లల పేర్లు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు రాసుకుని, టీచర్లు తలా పదిహేను మందిని పంచుకోండి. ఫలితాలు వచ్చిన గంటలోపే ఫోన్లు మొదలవ్వాలి, ముందు తప్పినవాళ్ళకి, తర్వాత అనుకున్న మార్కులు రాని ఫస్ట్ బెంచీ వాళ్ళకి. ఫోన్ ఎత్తకపోతే ఆ వీధిలో ఉండే ఇంకో పిల్లాడి ఇంటికి చేసి, వెళ్ళి చూడమని చెప్పండి.