ఈస్ట్ ముందే చచ్చిపోతోందా? జన్యువును అనుమానించే ముందు థర్మామీటర్ పెట్టండి

జన్యువు మార్చితే ఆయుష్షు ఎలా మారుతుందో చూడటానికి ల్యాబుల్లో ఈస్ట్ (రొట్టె పులియబెట్టే ఏకకణ జీవి) వాడతారు. దాని ఆయుష్షుకు రెండు లెక్కలున్నాయి. తల్లి కణం చనిపోయేలోపు ఎన్ని పిల్ల కణాలను వేస్తుందన్నది ఒకటి. మామూలు ల్యాబ్ రకాల్లో ఇది పాతిక దరిదాపుల్లో ఉంటుంది. తిండి అయిపోయి విభజన ఆగాక ఎన్ని రోజులు బతికుంటుందన్నది రెండోది. మీ సమస్య ఏ లెక్కలో వచ్చిందో ముందు తేల్చుకోండి.

సమస్య: జనవరిలో బాగా బతికిన కల్చర్ (ఫ్లాస్కులో పెంచే కణాల గుంపు) మే నెలలో తొందరగా చచ్చిపోతోంది.

కారణం చాలాసార్లు ఇంక్యుబేటరే, అంటే కణాలను ఒకే వేడిలో ఉంచే పెట్టె. వేడి చేయడం తప్ప చల్లబరచడం రాని ఇంక్యుబేటర్‌ను 30 డిగ్రీలకు పెట్టినా, గది 36 ఉంటే లోపల అంతకంటే తగ్గదు. ఫ్లాస్కులను ఊపే షేకర్ మోటారు వేడి దీనికి అదనం. 37 డిగ్రీల దగ్గర ఈస్ట్ పెరుగుతుంది కాబట్టి మనకు అనుమానం రాదు. కానీ విభజన ఆగిన కణాలు ఆ వేడిలో త్వరగా ముసలివైపోతాయి. ప్రొటీన్లు మడత తప్పి ముద్దలు కడతాయి. నేను ఒక వేసవంతా ఉత్పరివర్తనాన్నే (జన్యువులోని మార్పునే) తప్పుపట్టి, నెలల పని పోగొట్టుకున్నాను.

పరిష్కారం: అదే సైజు ఫ్లాస్కులో అంతే నీళ్లు పోసి, థర్మామీటర్ ముంచి, కల్చర్ల మధ్యే పెట్టండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రెండు రోజులు రాసుకోండి. రెండు అంకెల మధ్య తేడా కనిపిస్తే చల్లబరిచే ఇంక్యుబేటర్‌కు మారండి. ఏది ఏమైనా, మామూలు రకాన్నీ ఉత్పరివర్తనం ఉన్న రకాన్నీ ఒకే షేకర్‌లో, ఒకే రోజు మొదలుపెట్టాలి. చలి ఆయుష్షును పెంచుతుంది; ఆ ఘనత పొరపాటున జన్యువు ఖాతాలో పడకూడదు.

సమస్య: ఉష్ణోగ్రత సరిగ్గానే ఉంది, అయినా చస్తున్నాయి.

గ్లూకోజు తిని కణాలు వదిలిన ఎసిటిక్ ఆమ్లం కావచ్చు. కొన్ని కణాలను కడిగి శుద్ధమైన నీళ్లలో వేసి, అదే 30 డిగ్రీల్లో ఉంచండి. అవి ఎక్కువ రోజులు బతికితే దోషం మీడియాదే, అంటే కణాలు పెరిగిన ద్రవానిదే.

సమస్య: పిల్ల కణాల లెక్క ప్లేటు ప్లేటుకూ మారుతోంది.

రాత్రిళ్లు విభజన ఆగేలా ప్లేట్లను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడుతున్నారు కదా, అందులో గడిపిన గంటలు అన్నింటికీ సమానమా? బయటికి తీయగానే మూత తెరిస్తే అగర్ (ప్లేటులోని జెల్లీ) మీద చెమ్మ పట్టి, వరుసలో పెట్టిన కణాలు జరిగిపోతాయి. ప్లేటు గది వేడికి వచ్చేదాకా ఆగండి.

సమస్య: ఆయుష్షు అనుకోకుండా పెరిగింది.

చిన్న వయసులో కాసేపు తగిలిన స్వల్ప వేడి కణాలను గట్టిపరుస్తుంది. వేడి దెబ్బ నుంచి కాపాడే హీట్ షాక్ ప్రొటీన్లు, ముఖ్యంగా ముద్దలను విడదీసే హెచ్‌ఎస్‌పి104, పనిలోకి దిగుతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంక్యుబేటర్ హద్దు దాటి వేడెక్కిందేమో నోటుబుక్కులో చూసుకోండి.